గంటకు 62 కిలోమీటర్లు: ఆ అంకె ఎక్కడిది?

బంగాళాఖాతంలో అలజడి మొదలైన ప్రతిసారీ కోస్తాలో ఒకే తీరు ప్రకటన వినబడుతుంది. తీరం వెంబడి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, అప్పుడప్పుడు 65 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు వీస్తాయి, మత్స్యకారులు వేటకు వెళ్లరాదు. వాయుగుండాన్ని తుపాను అని పిలవాలంటే గాలి గంటకు 62 కిలోమీటర్లు అందుకోవాలి. తీవ్ర తుపానుకు 89. అతి తీవ్ర తుపానుకు 118. తుపాను రోజుల్లో ఇల్లంతా రేడియో చుట్టూ చేరే కుటుంబంలో పెరిగాను కాబట్టి ఇలాంటి అంకెలు నా చెవిలో ఎప్పటి నుంచో ఉన్నాయి. అవి ఎందుకంత ఎగుడుదిగుడుగా ఉన్నాయో మాత్రం చాలాకాలం తట్టలేదు. 60, 90, 120 అని పెట్టుకుంటే అందరికీ గుర్తుంటుంది కదా! ఇంతకీ 62 దగ్గర గాలికి ఏమవుతుంది?

ఏమీ కాదు. ఆ గీతలు కిలోమీటర్లలో గీసినవి కావు. వాతావరణ శాఖ వర్గీకరణకు మూలం నాట్లు. తుపానుకు 34 నాట్లు, తీవ్ర తుపానుకు 48, అతి తీవ్ర తుపానుకు 64. ఒక నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు. గుణించి చూడండి: 48కి 88.9, 64కి 118.5 వస్తాయి. 34కి దాదాపు 63 రావాలి. అయితే కింది మెట్టు 33 నాట్ల దగ్గర, అంటే 61 కిలోమీటర్ల దగ్గర ముగుస్తుంది కాబట్టి దాని పక్క అంకె 62ను పట్టుకున్నారనుకోవాలి. మత్స్యకారుల హెచ్చరికలోని 45, 55, 65 కూడా అంతే. 25, 30, 35 నాట్లను కిలోమీటర్లలోకి మార్చితే వచ్చే 46, 56, 65కు అవి పక్కపక్క అంకెలు.

పోనీ 34, 48, 64 ఎక్కడివి? వాటి వెనక ఇంకో మెట్టుంది. బ్రిటిష్ నౌకాదళ అధికారి ఫ్రాన్సిస్ బోఫర్ట్ 1805లో గాలిని సున్నా నుంచి 12 దాకా మెట్లుగా విడగొట్టాడు. ఆయన మెట్లలో మొదట వేగం ఊసే లేదు. ఈ గాలికి యుద్ధనౌక ఎన్ని తెరచాపలు నిలబెట్టగలదు, ఎప్పుడు దించేయాలి, ఏ గాలికి ఒక్క తెరచాప కూడా ఆగదు అన్నదే ఆయన కొలబద్ద. ఆ మెట్లకు వేగాలు తర్వాతి తరాలవారు జతచేశారు. అందులో ఎనిమిదో మెట్టు 34 నాట్ల దగ్గర, పదోది 48 దగ్గర, చివరిదైన పన్నెండోది 64 దగ్గర మొదలవుతాయి. అంటే కాకినాడలోనో కళింగపట్నంలోనో రేడియో చెప్పే 118 కిలోమీటర్లలో, తెరచాప చిరిగిపోతుందని భయపడిన ఒక నావికుడి అంచనా ఇప్పటికీ ఉంది. తెరచాప నుంచి నాట్, నాట్ నుంచి కిలోమీటర్. రెండు మార్పిళ్లు దాటి మన దాకా వచ్చింది.

నాట్ పుట్టుక నాకు ఎంతో ఇష్టమైన కథ. తెలుగు పత్రికలో ‘నాట్లు’ అని చూడగానే మనకు వరి నాట్లు గుర్తొస్తాయి గానీ ఇక్కడ నాట్ అంటే తాడుకు వేసిన ముడి, అంతకన్నా మరేం కాదు. నడిసముద్రంలో మైలురాళ్లు ఉండవు. అందుకని నావికులు ఒక చెక్కపలక అంచుకు సీసం బిగించి, అది నీళ్లలో నిటారుగా నిలిచేలా చేసి, పొడవాటి తాడు కట్టి వెనక్కి వదిలేవారు. పలక ఉన్నచోటనే ఉండేది, ఓడ ముందుకు పోయేది, తాడు చేతుల్లోంచి జారిపోతూ ఉండేది. తాడుకు 47 అడుగుల 3 అంగుళాలకు ఒక ముడి. పక్కన 28 సెకన్ల ఇసుక గడియారం. ఇసుక అయిపోయేలోగా ఎన్ని ముళ్లు చేతిలోంచి జారితే ఓడ అన్ని నాట్ల వేగంతో పోతున్నట్టు.

ఆ 47 అడుగుల 3 అంగుళాలు గాలిలోంచి ఊడిపడలేదు. గంటలో 28 సెకన్లు ఎన్నో వంతో, సముద్రపు మైలులో ముడికీ ముడికీ మధ్య దూరం అన్నో వంతు. లెక్కంతా ముందే తాడులో వేసేశారు. తుపానులో, చీకట్లో, చదువురాని నావికుడు కూడా ముళ్లు లెక్కపెడితే చాలు, హెచ్చవేత భాగహారం అక్కర్లేదు. సముద్రపు మైలుకు కూడా ఇలాంటి సౌకర్యమే ఉంది. అది భూమి మీద అక్షాంశంలో ఒక నిమిషం పొడవు. డిగ్రీకి అరవై. నేరుగా ఉత్తరానికి 10 నాట్లతో పోయే ఓడ గంటలో 10 నిమిషాల అక్షాంశం దాటుతుంది, పటం మీద గీత గీసుకోవడమే. 1929లో మొనాకోలో జరిగిన అంతర్జాతీయ సమావేశం దాన్ని 1,852 మీటర్లుగా ఖరారు చేసింది.

వేగం ప్రమాణాల గురించి నాకు తెలిసిన అసలు సంగతి ఈ తాడులోనే ఉంది. ప్రతి ప్రమాణమూ ఏదో ఒక పనిలో ఉన్నవాళ్లు లెక్క తప్పించుకోవడానికి చేసుకున్న ఏర్పాటే. ఆ పనిలో ఉన్నంతసేపూ దానితో చిక్కు లేదు. అంకె ఆ పని దాటి మరొకరి చేతికి వెళ్లినప్పుడు చిక్కు మొదలవుతుంది. అప్పుడు మనం గుణకారం మీదే దృష్టి పెడతాం. జారిపోయేది మాత్రం ఆ అంకె వెనక ఉన్న షరతు: దేన్ని బట్టి కొలిచారు, ఎంతసేపటి సగటు, ఏ పరిస్థితిలో. ‘గంటకు 40 నాట్ల వేగం’ అని రాయడం దీనికి చిన్న ఉదాహరణ. నాట్‌లోనే గంట ఉంది. మళ్లీ గంట చేరిస్తే వేగం కాస్తా మరేదో అయిపోతుంది.

బడిలో మనం నేర్చుకునేది ఒక్క గుణకారమే. కిలోమీటర్లను మీటర్లలోకి మార్చడానికి 5/18, తిరిగి మార్చడానికి 18/5. రైల్వే పరీక్షలకూ గ్రూప్స్‌కూ చదివే పిల్లలు దీన్ని మంత్రంలా వల్లిస్తారు, పరీక్ష హాల్లో ఏది దేనికో మరచిపోతారు. తప్పు వాళ్లది కాదు. ఆ భిన్నం ఎక్కడ పుట్టిందో చూపించకుండా చేతిలో పెట్టాం. గంటకు 72 కిలోమీటర్లు అన్న మాటలో కిలోమీటర్ ఉన్నచోట 1,000 మీటర్లనీ, గంట ఉన్నచోట 3,600 సెకన్లనీ రాస్తే చాలు. 72,000ను 3,600తో భాగిస్తే సెకనుకు 20 మీటర్లు. 3,600లో 1,000 ఎంత వంతో అదే 5/18. మైళ్లయినా అడుగులయినా దారి ఇదే. పైన ఉన్న దూరాన్ని మార్చాలి, కింద ఉన్న కాలాన్ని మార్చాలి, రెండూ విడివిడిగా. ఎటు గుణించాలో సందేహం వస్తే ఒక సెకనులో పోయే మీటర్లకన్నా గంటలో పోయే కిలోమీటర్ల అంకె ఎప్పుడూ పెద్దదని గుర్తు తెచ్చుకుంటే దారి తప్పం. మన పాఠ్యపుస్తకాలు దిశ లేనిదాన్ని వడి అనీ, దిశతో కూడినదాన్ని వేగం అనీ వేరుచేస్తాయి. మంచి విభజనే. రోడ్డు మీద, పేపర్లో మాత్రం రెంటికీ వేగమే వాడుక కాబట్టి నేనూ అలాగే రాస్తున్నాను.

నోటిలెక్కకు కొన్ని ఉపాయాలు పనికొస్తాయి. సెకనుకు మీటర్లను నాలుగింతలు చేసి అందులో పదోవంతు తీసేస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి, ఉజ్జాయింపుగా కాదు, కచ్చితంగా. 25ను నాలుగింతలు చేస్తే 100, పదోవంతు పోతే 90. నాట్లను రెట్టింపు చేసి కొంచెం తగ్గిస్తే కిలోమీటర్లు. సెకనుకు మీటర్లను రెట్టింపు చేస్తే దాదాపు నాట్లు. మైళ్లను ఎనిమిదితో గుణించి అయిదుతో భాగిస్తే కిలోమీటర్లు. 1959లో ఇంగ్లిష్ మాట్లాడే దేశాలు గజాన్ని 0.9144 మీటర్లుగా ఒప్పుకున్నాక మైలు 1,609.344 మీటర్లుగా స్థిరపడింది. అంత కచ్చితత్వం చేతిలో ఉండటం వల్ల మరో జబ్బు పట్టుకుంది. విదేశీ వార్తలో ‘దాదాపు వంద మైళ్ల వేగం’ అని ఉంటే మన దగ్గర అది ‘గంటకు 160.93 కిలోమీటర్లు’ అవుతుంది. ‘దాదాపు’ పోయింది, దాని స్థానంలో రెండు దశాంశ స్థానాలు వచ్చాయి. మూలంలో లేని నమ్మకాన్ని మార్పిడి చేర్చకూడదు. అక్కడ 160 అని రాయడమే నిజాయితీ.

రోడ్డు మీదికి వస్తే గంటకు కిలోమీటర్లు అన్నది ప్రయాణాన్ని లెక్కవేసుకునేవాడి ప్రమాణం. ఊరు ఇంత దూరం, ఇన్ని గంటల్లో చేరతాం. దానికి అంతకన్నా మంచి కొలత లేదు. బ్రేకు వేయాల్సి వచ్చిన క్షణాన మాత్రం ఆ ప్రమాణం డ్రైవరుకు ఏమీ చెప్పదు, ఎందుకంటే ప్రమాదం గంటల్లో జరగదు. హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద గరిష్ఠ పరిమితి 120 కిలోమీటర్లు. సెకన్లలో చూస్తే 33 మీటర్లకు పైనే. ఫోనులో వచ్చిన సందేశం వైపు రెండు సెకన్లు చూస్తే బండి 67 మీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అయిదారు ఆర్టీసీ బస్సులు ఒకదాని వెనక ఒకటి నిలబెట్టినంత దూరం, కళ్లు మూసుకుని నడిపినట్టే లెక్క. అడ్డు కనబడ్డాక కాలు బ్రేకు మీదికి వెళ్లడానికి సెకనున్నర పడుతుందనుకుందాం. పొడి రోడ్డు, మంచి టైర్లు ఉండి, సెకను సెకనుకూ వేగం ఏడేసి మీటర్లు తగ్గుతోందనుకుందాం. 60 వేగంలో ఉన్న కారు 45 మీటర్లలో ఆగుతుంది. 120లో ఉన్నది 129 మీటర్లకు గానీ ఆగదు. వేగం రెట్టింపయితే ఆగే దూరం దాదాపు మూడింతలయింది. కాలు పడేలోగా పోయే దూరం రెట్టింపయితే, బ్రేకు పడ్డాక పోయే దూరం నాలుగింతలవుతుంది, అందుకే. డ్రైవింగ్ లైసెన్సు పరీక్షలో ఈ ఒక్క లెక్క అందరిచేతా చేయించాలని నా కోరిక.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ప్రమాణాల చిక్కు సరిహద్దు దగ్గర ఎదురవుతుంది. కెనడా 1977లో రోడ్డు పలకల మీది మైళ్లను కిలోమీటర్లకు మార్చేసింది, అమెరికా మార్చలేదు. నయాగరా చూసి వంతెన దాటి టొరంటో వైపు పోయేవారికి ‘గరిష్ఠం 100’ అన్న పలక కనబడుతుంది. కారులో పెద్ద అంకెలు మైళ్లవి. అక్కడి 100 ఇక్కడి 62. మళ్లీ ఆ 62! ఈసారి మాత్రం కేవలం కాకతాళీయం.

అంకె సరిగానే మార్చి కూడా అర్థం పోగొట్టుకునే చోటు సగటు. 160 కిలోమీటర్ల వేగం అందుకోగల వందేభారత్ 2023 జనవరి 15న సికింద్రాబాద్, విశాఖపట్నం మధ్య మొదలైంది. దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. భాగిస్తే గంటకు 82. రెండూ నిజమే. ఒకటి యంత్రం సత్తా, రెండోది ట్రాకు, మలుపులు, స్టేషన్లు అన్నీ కలిసి ప్రయాణికుడికి ఇచ్చేది. ప్రకటనల్లో మొదటిది వస్తుంది, టికెట్టు మీద సమయం రూపంలో రెండోది ఉంటుంది. సగటులో ఇంకో గుంట ఉంది. ఊరికి వెళ్లేటప్పుడు 40, వచ్చేటప్పుడు 60 వేగంతో నడిపినవారి సగటు 50 కాదు, 48. ఊరు 120 కిలోమీటర్లయితే వెళ్లడానికి మూడు గంటలు, రావడానికి రెండు, మొత్తం 240 కిలోమీటర్లకు అయిదు గంటలు. నెమ్మదిగా నడిపిన దారిలోనే ఎక్కువసేపు ఉన్నాం కాబట్టి దానిదే పైచేయి.

పరుగు పెట్టేవాళ్లు ఈ గుంటను మరో రకంగా తప్పించుకున్నారు. వాళ్లు వేగాన్ని తలకిందులు చేశారు. గంటకు ఎన్ని కిలోమీటర్లు అని అడగరు, కిలోమీటరుకు ఎన్ని నిమిషాలు అంటారు. మిగిలిన దూరాన్ని దానితో గుణిస్తే చాలు, ఎప్పుడు చేరతామో తెలుస్తుంది. ఆరు నిమిషాలంటే గంటకు 10 కిలోమీటర్లు, అయిదంటే 12, నాలుగంటే 15. ప్రతిసారీ తగ్గింది ఒక్క నిమిషమే అయినా వేగం మొదట రెండు, తర్వాత మూడు పెరిగింది. నాలుగు నుంచి మూడుకు దిగాలంటే ఏకంగా అయిదు పెరగాలి. కొత్తగా పరుగు మొదలుపెట్టినవారు మొదటి నిమిషం సులువుగా తగ్గి, తర్వాతది ఎంతకీ తగ్గడం లేదని దిగులు పడటానికి కొంత కారణం వాళ్ల కాళ్లలో లేదు, ప్రమాణంలో ఉంది.

ప్రమాణం మన ఆశలను కూడా మలుస్తుంది. 2003 ప్రపంచకప్‌లో ఇంగ్లండ్ మీద షోయబ్ అక్తర్ గంటకు 161.3 కిలోమీటర్ల బంతి వేసినప్పుడు ప్రపంచమంతా వంద మైళ్ల గోడ కూలిందంది. అది 100.2 మైళ్లు. కిలోమీటర్లలోనే ఆలోచించే ఫాస్ట్ బౌలరుకు 160.9 దగ్గర ఏ గోడా కనబడదు. అతని గోడ 150, అది మైళ్లవాళ్లకు 93 అనే అనామకపు అంకె. అథ్లెటిక్స్‌లో వేగాన్ని చెప్పనే చెప్పరు, కాలాన్నే చెబుతారు. ఉసేన్ బోల్ట్ 2009లో బెర్లిన్‌లో 9.58 సెకన్లు, అంటే సగటున గంటకు 37.6 కిలోమీటర్లు. మన విశాఖ అమ్మాయి జ్యోతి యర్రాజి 100 మీటర్ల హర్డిల్స్‌ను 12.78 సెకన్లలో దాటింది. పది అడ్డంకుల మీదుగా ఎగురుతూ గంటకు 28 కిలోమీటర్లు. ఊళ్లో సైకిలు బలంగా తొక్కేవాడు కూడా ఆమెను అందుకోవడం కష్టం. కాలంగా చెబితే మనకు తట్టని గొప్పతనం వేగంగా చెబితే తట్టింది కదా.

ఇప్పుడు తుపాను దగ్గరికి తిరిగి రావాలి, ఎందుకంటే సగటు ప్రాణాంతకమయ్యేది అక్కడే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు గాలి వేగం గంటకు సుమారు 180 కిలోమీటర్లు. మన వాతావరణ శాఖ లెక్కలో ఇది మూడు నిమిషాల సగటు. ప్రపంచ వాతావరణ సంస్థ సిఫార్సు పది నిమిషాల సగటు. అమెరికావారిది ఒక నిమిషం. గాలి ఒకే తీరున వీచదు, ఊపిరి తీసినట్టు లేస్తూ తగ్గుతూ ఉంటుంది. ఎంత తక్కువసేపు చూస్తే గరిష్ఠం అంత ఎక్కువ కనబడుతుంది. అందుకే ఒకే తుపానుకు అమెరికా వెబ్‌సైట్లు ఎక్కువ అంకె చూపిస్తాయి, మనవాళ్లు దాచిపెడుతున్నారని అనుమానాలు పుడతాయి. ఎవరూ దాచడం లేదు. గడియారాలు వేరు.

ఇంజినీర్లది నాలుగో గడియారం. కట్టడాల మీద గాలి భారం లెక్కించే భారతీయ ప్రమాణం ఐఎస్ 875 మూడో భాగం హైదరాబాదుకు సెకనుకు 44 మీటర్లు, విశాఖపట్నానికి 50 మీటర్ల మూల వేగం తీసుకోమంటుంది. 50 మీటర్లంటే సరిగ్గా గంటకు 180 కిలోమీటర్లు. హుద్‌హుద్ అంకె కూడా అదే కదా, కట్టడాలన్నీ తట్టుకోవాల్సింది కదా అనిపిస్తుంది. కానీ ఐఎస్ 875లోని 50 మీటర్లు మూడు సెకన్ల పాటు తగిలే విసురు. హుద్‌హుద్ 180 మూడు నిమిషాల సగటు, దానిలోని విసుర్లు అంతకన్నా ఎక్కువ. అంకె ఒకటే, ప్రమాణం ఒకటే, మార్పిడిలో పిసరంత పొరపాటు లేదు, అయినా రెండూ ఒకటి కావు. ఇంజినీరు మీటర్లనే ఎందుకు పట్టుకుంటాడో కూడా ఇక్కడే తెలుస్తుంది. వేగాన్ని వర్గం చేసి 0.6తో గుణిస్తే చదరపు మీటరు మీద ఎన్ని న్యూటన్ల ఒత్తిడి పడుతుందో నేరుగా వచ్చేస్తుంది. 50కి 1,500 న్యూటన్లు, అంటే దాదాపు 153 కిలోల బరువు. అందులో సగం వేగానికి, అంటే 25 మీటర్లకు, 38 కిలోలే. రేకు ఎగిరిపోయిందా, నిలిచిందా అన్నది ఈ వర్గంలో ఉంటుంది. నావికుడికి నాట్ ఎలాగో ఇంజినీరుకు మీటరు అలాగ.

విమానంలో మూడు ప్రమాణాలు ఒకేచోట కాపురం చేస్తాయి. ముందుకు నాట్లు, ఎత్తుకు అడుగులు, దిగడానికి నిమిషానికి అడుగులు. బయటివారికి గందరగోళం. పైలట్లకు మాత్రం ఇదొక వరం. మూడు డిగ్రీల వాలులో రన్‌వే వైపు దిగాలంటే నాట్లలో ఉన్న వేగాన్ని అయిదుతో గుణిస్తే చాలు. 140 నాట్లయితే నిమిషానికి 700 అడుగులు. అయితే అదే కాక్‌పిట్‌లో జరిగిన ఘోరమూ ఉంది. 1992 జనవరి 20న ఫ్రాన్స్‌లో ఎయిర్ ఇంటర్ వారి ఏ320 విమానం స్ట్రాస్‌బర్గ్ చేరకముందే కొండకు తగిలింది. 96 మందిలో 87 మంది చనిపోయారు. పైలట్లు 3.3 డిగ్రీల వాలు పెట్టామనుకున్నారనీ, యంత్రం దాన్ని నిమిషానికి 3,300 అడుగులుగా తీసుకుందనీ దర్యాప్తు చేసినవారు భావించారు. అప్పటి తెర మీద ఒకటి 3.3గా, రెండోది 33గా కనబడేవి. 3,300 అడుగులంటే గంటకు 60 కిలోమీటర్ల వేగంతో కిందికి పడటం, కావలసినదానికి మూడు నాలుగు రెట్లు. ఆ తర్వాత తెర మీద నాలుగంకెలూ చూపించే మార్పు తెచ్చారు. 1999లో అంగారకుడి దగ్గర నాసా పోగొట్టుకున్న మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ కథ దీనికన్నా ఎక్కువ మందికి తెలుసు. అక్కడ తప్పింది పౌండ్లు, న్యూటన్ల మధ్య. నాకు మాత్రం స్ట్రాస్‌బర్గ్ కొండే ఎక్కువ బాధ కలిగిస్తుంది.

విమానాలకూ క్షిపణులకూ చెప్పే మాక్ అసలు ప్రమాణమే కాదు, ధ్వనితో పోలిక. ధ్వని వేగం గాలి చల్లదనాన్ని బట్టి మారుతుంది. సముద్రమట్టం దగ్గర 15 డిగ్రీల వేడిలో గంటకు 1,225 కిలోమీటర్లు, 11 కిలోమీటర్ల ఎత్తులో మైనస్ 56 డిగ్రీల చలిలో 1,062. బ్రహ్మోస్ వేగం మాక్ 2.8 అని విని 1,225తో గుణించి 3,430 అని రాసుకుంటాం. ఎత్తున పోతున్నప్పుడు అదే మాక్ 2.8 మూడువేలకు కాస్త తక్కువ. క్యూసెక్కు అసలు వేగమే కాదు, సెకనుకు ఎన్ని ఘనపుటడుగుల నీరు అన్న లెక్క. రోజంతా 11,574 క్యూసెక్కులు వస్తే ఒక టీఎంసీ. ఇంటర్నెట్ ‘స్పీడు’ కూడా ఇలాంటి ప్రవాహమే. వంద మెగాబిట్లంటే పన్నెండున్నర మెగాబైట్లు, ఎనిమిదో వంతు. వీటిని ఇంతకన్నా సాగదీయనక్కర్లేదు.

ఆగి చూడాల్సింది సాయణాచార్యుల దగ్గర. పద్నాలుగో శతాబ్దంలో విజయనగరంలో బుక్కరాయల కొలువులో ఉన్న ఆయన రుగ్వేద భాష్యంలో సూర్యుడు అర నిమేషంలో 2,202 యోజనాలు పోతాడన్న పాత మాటను ఉటంకించారు. అది కాంతి వేగమేనని మన వాట్సాప్ సందేశాలు ఏళ్లుగా చెబుతున్నాయి. ముందుగా ఒక మాట. నిమేషం అంటే రెప్పపాటు. మన అరవై సెకన్ల నిమిషం కాదు. తెలుగు చెవికి ‘అర నిమిషం’ అని వినబడి ముప్పై సెకన్లు అనుకుంటే లెక్క మొదట్లోనే మునిగిపోతుంది. రెప్పపాటు ఎంత? మహాభారతపు లెక్కలో కాష్ఠకు 15 నిమేషాలు, అంటే ఒక్కోటి 0.213 సెకను. మనుస్మృతిలో కాష్ఠకు 18, అంటే 0.178 సెకను. యోజనం ఎంత? సూర్యసిద్ధాంతం భూమి వ్యాసాన్ని 1,600 యోజనాలంటుంది, అప్పుడు యోజనం దాదాపు 8 కిలోమీటర్లు. ఆర్యభటుడు 1,050 అంటాడు, అప్పుడు 12 కిలోమీటర్ల పైన. అర్థశాస్త్రంలోని 8,000 ధనుస్సుల లెక్క తీసుకుని, ధనుస్సును ఆరడుగులు అనుకుంటే 14.6.

ఈ ఆరు జతలనూ నేను వేసి చూశాను. సెకనుకు 1,64,000 కిలోమీటర్ల నుంచి 3,62,000 కిలోమీటర్ల దాకా వస్తుంది. అర్థశాస్త్రపు యోజనంతో మహాభారతపు నిమేషం కలిపితే 3,02,000. ఆర్యభటుడి యోజనంతో మను నిమేషం కలిపితే 3,00,000కు అటూ ఇటూ. మిగతా నాలుగూ దూరంగా పోతాయి. కాంతి వేగం 2,99,792.458 అని ముందే తెలిసినవారు దానికి దగ్గరగా వచ్చే జతను ఎంచుకున్నారు. సాయణుల భాష్యం మీద గౌరవంతోనే ఇది చెబుతున్నాను. ఆయన ఏ యోజనాన్ని, ఏ నిమేషాన్ని మనసులో పెట్టుకున్నారో భాష్యం చెప్పదు, ఎలా కొలిచారో చెప్పదు, పైగా అక్కడి మాట సూర్యుడి గమనం గురించి. ఆ మహాపండితుడి గొప్పతనానికి ఈ సందేశం అక్కర్లేదు.

మన పాత కొలతలను తక్కువ చేయడానికీ కాదు ఇది. ఆమడ, క్రోసు ప్రాంతాన్ని బట్టి మారేవి, జాము మూడు గంటలు, ఘడియ 24 నిమిషాలు. అవి రైళ్ల వేళలకు పనికిరావు గానీ నడిచేవాడి ఒంటికి సరిపోయేవి. మీ ఊరు ఎంత దూరమని అడిగితే మా తాతల తరం మైళ్లు చెప్పేవారు కాదు. కేక వినబడేంత దగ్గరయితే కూతవేటు దూరం అనేవారు, లేదా ఒక పూట నడక అనేవారు. నడిచేవాడి వేగం అందరికీ తెలిసిందే కాబట్టి కాలం చెబితే దూరం తెలిసిపోయేది. చివరికి సైన్సూ ఈ దారికే వచ్చింది. 1983లో తూనికలు, కొలతల అంతర్జాతీయ సభ మీటరుకు కొత్త నిర్వచనం ఇచ్చింది. పారిస్ దగ్గర దాచిన లోహపు కడ్డీని అంతకుముందే వదిలేశారు. ఇప్పుడు కాంతి శూన్యంలో సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో పోయే దూరమే మీటరు. కాంతి వేగాన్ని ఇక ఎవరూ కొలవరు, అది స్థిరమని ఒప్పుకుని దూరాన్ని దాని నుంచి తీస్తారు. నడిచేవాడి స్థానంలో కాంతి, పూట స్థానంలో సెకనులో చిన్న ముక్క.